పాత నెగెటివ్‌లు అమ్మకానికి పెట్టే ముందు: మన బొమ్మల చరిత్ర



ఇప్పుడు గూడెంలో ఫోన్ లేని చెయ్యి కనబడదు. కానీ పాతికేళ్ళ కిందటి వరకు ఫోటో అంటే ఫిల్మే. ఆశ్రమ పాఠశాల సార్లు, ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు స్టూడియోల వాళ్ళు, జాతరలకు కెమెరా మెడలో వేసుకుని వచ్చినవాళ్ళు తీసిన బొమ్మల నెగెటివ్‌లు ఇంకా చాలా ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో, బిస్కెట్ డబ్బాల్లో, పెళ్ళి ఆల్బమ్‌ల వెనక కవర్లలో ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి స్టాక్ ఏజెన్సీలకు పెడితే డబ్బు వస్తుందట, నిజమేనా అని మన పిల్లలు అడుగుతున్నారు. స్టాక్ ఏజెన్సీ అంటే ఫోటోలను నిల్వ పెట్టి, పత్రికలకు, పుస్తకాల వాళ్ళకు, ప్రకటనల కంపెనీలకు వాడుకునే హక్కు అమ్మే సంస్థ. అమ్మిన ప్రతిసారీ ఫోటో ఇచ్చినవారికి వాటా ఇస్తుంది.

డబ్బు వచ్చే మాట నిజమే. అయితే ఆ పని మొదలుపెట్టే ముందు మన బొమ్మలు ఇంతకాలం ఎవరి చేతుల్లో ఉన్నాయో, ఏ పేరుతో లోకంలో తిరిగాయో తెలుసుకోవాలి. బొమ్మకు విలువ కట్టేది రెండు విషయాలు: నెగెటివ్ ఎవరి దగ్గర ఉంది, బొమ్మ కింద మాట ఎవరు రాశారు. 150 ఏళ్ళుగా ఆ రెండూ దాదాపుగా మన చేతిలో లేవు. ఈ ట్రంకు పెట్టెల వరకు మాత్రం ఉన్నాయి.

పేరు లేని ముఖాలు

1857 తిరుగుబాటు తర్వాత ఈ దేశ ప్రజలను లెక్కగట్టి, వర్గీకరించి పెట్టుకోవాలని బ్రిటిష్ పాలకులకు పట్టుదల పెరిగింది. దాని ఫలితంగా 1868 నుంచి 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే 8 సంపుటాలు వచ్చాయి. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకులు. నాలుగు వందలకు పైగా ఫోటోలు అందులో ఉన్నాయి. చాలా బొమ్మల కింద మనిషి పేరు ఉండదు, జాతి పేరు ఉంటుంది. అంటే ఆ ఫోటోలో కూర్చున్నది ఫలానా ఊరి ఫలానా మనిషి కాదు, ఒక జాతికి నమూనా. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో 7 సంపుటాలుగా తెచ్చిన ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ కూడా ఆ దారిలోదే. ముక్కు పొడవు, తల కొలత రాసుకున్న రోజులవి. ఆ కొలతలున్న మనిషిని ఇంట్లోవాళ్ళు ఏమని పిలిచేవారో తెలుసుకోవాలన్న ధ్యాస తక్కువ.

మన ఆదిలాబాద్ కథ కొంచెం వేరు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో అధ్యయనం చేసే పని ఆస్ట్రియాలో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ చేతికి వచ్చింది. అప్పటికే ఆయన నల్లమలలో చెంచుల మధ్య తిరుగుతున్నాడు. తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల దగ్గరికి, ఇటు గోండుల దగ్గరికి వెళ్ళాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడే గోండు పిల్లల చదువుకు బడి, ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యాయి. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో పుస్తకాలు రాశాడు. ఆ ఏళ్ళలో తీసిన వేలాది ఫోటోలు, రాసుకున్న డైరీలు ఇప్పుడు లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని స్కాన్ చేసి అందరూ చూసేలా పెట్టారు.

ఆయన మనకు మేలు చేసినవాడు. భార్యాభర్తల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా మనవాళ్ళు అక్కడ పూలు పెడతారు. అయినా ఒక మాట ఆలోచించాలి. 1940లలో మన తాతలు ఎలా ఉన్నారో చూడాలంటే మనం లండన్ వైపు తిరగాలి. అక్కడ దాచారు కాబట్టి అవి బతికాయి. ఇక్కడి పెట్టెలను మనం దాచకపోతే 1970, 80, 90ల బొమ్మలు ఎక్కడా మిగలవు.

రెండు ట్రంకు పెట్టెలు

ఫోటోలు అమ్మే వ్యాపారం ఎలా పెరిగిందో చెప్పడానికి ఒక మనిషి కథ చాలు. ఒట్టో బెట్‌మాన్ బెర్లిన్‌లో గ్రంథాలయ ఉద్యోగి. యూదుడు కావడంతో నాజీల పాలనలో బతకలేక 1935లో దేశం విడిచాడు. వెంట తెచ్చుకున్నది రెండు ట్రంకు పెట్టెల నిండా బొమ్మలు, ఫిల్ములు. 1936లో న్యూయార్క్‌లో బెట్‌మాన్ ఆర్కైవ్ పెట్టాడు. బొమ్మలు ఎంతోమంది దగ్గర ఉన్నాయి. ఆయన గొప్పతనం వాటికి కార్డులు రాయడంలో ఉంది. ఏ బొమ్మలో ఏముంది, ఏ కాలం, ఏ విషయం కింద వెతకాలి అని కార్డుల మీద రాసి వరసగా పెట్టాడు. పత్రికవాడు ఫోన్ చేసి ఫలానా బొమ్మ కావాలంటే వెంటనే తీసి ఇవ్వగలిగాడు. ఆ కార్డులే ఆయన వ్యాపారం.

తర్వాత ఆ సేకరణ కోటి బొమ్మలు దాటింది. 1995లో బిల్ గేట్స్ స్థాపించిన కోర్బిస్ కంపెనీ దాన్ని కొన్నది. నెగెటివ్‌లు పాడవకుండా పెన్సిల్వేనియాలో ఒక పాత సున్నపురాయి గని లోపల చల్లటి గదుల్లోకి మార్చింది. 2016లో కోర్బిస్ బొమ్మల హక్కులు ఒక చైనా సంస్థకు చేరాయి. చైనా బయట వాటిని గెట్టీ ఇమేజెస్ అమ్ముతోంది. గని ఒక దేశంలో, హక్కు ఇంకో దేశంలో, బొమ్మలో ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడో. నెగెటివ్ ఒకసారి చేతులు మారితే ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

2000లో ఐస్టాక్‌ఫోటో, 2003లో షట్టర్‌స్టాక్ వచ్చాక వ్యాపారం మళ్ళీ మారింది. డిజిటల్ కెమెరా ఉన్న ప్రతివాడూ బొమ్మలు పెట్టసాగాడు. ధరలు పడిపోయాయి. కొండ మీద సూర్యోదయం, పొలంలో ఎద్దులు లాంటి బొమ్మలు లక్షల్లో ఉన్నాయి. వాటికి మన వాటా రూపాయల్లోనే ఉంటుంది. అదే 1984 నాటి కేస్లాపూర్ జాతర ఫోటో అయితే మళ్ళీ తీయగలిగేవాడు లేడు. ఏ ఏడు, ఏ ఊరు, ఎవరు అన్నది నిక్కచ్చిగా రాసి ఉంటే పాఠ్యపుస్తకం వాళ్ళు, డాక్యుమెంటరీ వాళ్ళు, పరిశోధకులు దానికోసం వెతుక్కుంటూ వస్తారు. మన పెట్టెల విలువ అక్కడుంది.

చెరిపేసిన గడియారం

అమ్మకానికి బొమ్మను శుభ్రం చేయడం అనే మాట వెనక కూడా ఒక చరిత్ర ఉంది. ఎడ్వర్డ్ కర్టిస్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ అక్కడి ఆదివాసుల మీద 1907 నుంచి 1930 వరకు 20 సంపుటాలు తెచ్చాడు. అందులో పీగన్ తెగకు చెందిన ఇద్దరు మగవాళ్ళు గుడారంలో కూర్చున్న ఫోటో ఒకటి ఉంది. అసలు నెగెటివ్‌లో వాళ్ళిద్దరి మధ్య ఒక గడియారం ఉంది. అచ్చైన బొమ్మలో లేదు, చెరిపేశారు. ఆదివాసీ ఇంట్లో గడియారం ఉంటే కొనేవాడికి నచ్చదని, కాలం ఆగిపోయిన మనుషుల్లా కనబడాలని అలా చేశారు.

మన నెగెటివ్‌లలోనూ ఇలాంటి గడియారాలు చాలా ఉంటాయి. దండారి బృందం వెనక గోడకు ఎన్నికల పోస్టరు, అవ్వ పక్కన ట్రాన్సిస్టర్ రేడియో, గుస్సాడీ కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులు. వాటిని చెరపొద్దు. అవి ఉన్నందువల్లే ఆ ఫోటో ఏ కాలానిదో తెలుస్తుంది. మనవాళ్ళు రేడియో విన్నారని, ఓటు వేశారని చెప్పే సాక్ష్యం అది.

ఇంకో ఫోటో లోకమంతా ఎరిగినదే. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ కోతకు వచ్చిన వలస కూలీల డేరాల దగ్గర డొరోథియా లాంగ్ ఒక తల్లిని, పిల్లలను తీసింది. లాంగ్ అప్పుడు ప్రభుత్వ సంస్థ తరఫున పనిచేస్తోంది. ఆ తల్లి పేరు అడగలేదు. ‘మైగ్రంట్ మదర్’గా ఆ బొమ్మ పత్రికల్లో, పుస్తకాల్లో, చివరికి 1998లో తపాలా బిళ్ళ మీద కూడా వచ్చింది. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని, చెరోకీ ఆదివాసీ స్త్రీ అని 1978లో గానీ లోకానికి తెలియలేదు. ప్రభుత్వం తరఫున తీసినది కాబట్టి ఆ ఫోటోను ఎవరైనా వాడుకోవచ్చు. ఆమెకు దానివల్ల రాబడి లేదు. పైగా తన ముఖం పేదరికానికి గుర్తుగా మారిందని బాధపడింది. నలభై ఏళ్ళు లోకమంతా చూసిన ముఖానికి పేరు లేదు.

నెగెటివ్ నుంచి ఫైలు దాకా

ఇప్పుడు పని సంగతి. ముందు పెట్టెను తెరవగానే వాసన చూడండి. వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తే ఫిల్మ్ పట్టీ కరగడం మొదలైందని అర్థం. ఆ రీళ్ళను మిగతావాటి నుంచి విడదీసి, వాటినే ముందు స్కాన్ చేయాలి. ఎండలో పెట్టొద్దు, తడిగుడ్డతో తుడవొద్దు. అంచులు పట్టుకుని, రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టాలి. బూజు పట్టిన చోట గోకితే బొమ్మే ఊడివస్తుంది, అది అనుభవం ఉన్నవాళ్ళకు వదిలేయాలి.

నెగెటివ్‌కు రెండు వైపులుంటాయి. మెరిసేది ఒకటి, మసకగా ఉండేది ఒకటి. బొమ్మ పొర ఉన్నది మసక వైపు. తిరగేసి స్కాన్ చేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. అంచు మీద ఉన్న అంకెలు, కంపెనీ పేరు సరిగా చదవడానికి వస్తే బొమ్మ సరిగా ఉన్నట్టు. మెరిసే వైపు మనకేసి ఉన్నప్పుడు అవి సరిగా కనబడతాయి. ఆ అంచు రాతలను కూడా రాసుకోండి. ఊటీలో తయారైన ‘ఇందు’ ఫిల్మా, ఇంకో కంపెనీదా అన్నది ఫోటో కాలాన్ని అంచనా వేయడానికి పనికొస్తుంది.

35 ఎంఎం ఫిల్మ్ మీద ఒక బొమ్మ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఫిల్మ్ స్కానర్‌లో అంగుళానికి 4000 చుక్కల చొప్పున తీస్తే 2 కోట్ల 10 లక్షల పిక్సెళ్ళ ఫైలు వస్తుంది. ఏజెన్సీలకు అది సరిపోతుంది. అగ్ఫా క్లిక్ 3 లాంటి డబ్బా కెమెరాల్లో వాడిన 120 రోలు బొమ్మ ఇంకా పెద్దది కాబట్టి 2400 చాలు. మొదటి స్కాన్‌ను ఒక్కో రంగుకు 16 బిట్లతో టిఫ్ ఫైలుగా దాచాలి. 35 ఎంఎం బొమ్మ ఒక్కటే సుమారు 125 మెగాబైట్లు తీసుకుంటుంది. చోటు ఎక్కువైందని జేపెగ్‌గా మార్చి అసలుది చెరిపేయొద్దు. ఆ టిఫ్ ఫైలును ముట్టుకోకుండా రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్ళలో ఉంచాలి. సరిదిద్దేది, ఏజెన్సీకి పంపేది దాని నకలు మాత్రమే.

స్కానర్లలో దుమ్మును తనంతట తానే తీసేసే సదుపాయం ఉంటుంది. పరారుణ కాంతి రంగుల పొర గుండా దూసుకుపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది. ఎక్కడ ఆగిందో చూసి అక్కడ సాఫ్ట్‌వేర్ పూడుస్తుంది. కానీ మామూలు నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. వెండి ఆ కాంతిని ఆపేస్తుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని చెడగొడుతుంది. కోడాక్రోమ్ స్లైడ్లతోనూ ఇదే చిక్కు. అలాంటివాటికి ఆ మీట ఆపేసి, చేతితో ఒక్కో మచ్చా తీయాల్సిందే.

మచ్చ, గీత, దుమ్ము తీయవచ్చు. వెలిసిన రంగును సరిచేయవచ్చు. రేణువులు కనబడుతున్నాయని ముఖాలను మైనంలా నున్నగా చేయొద్దు. అవ్వ నుదుటి పచ్చబొట్టు మచ్చ కాదు, ముడత గీత కాదు. దుమ్ము తీసేవాడికి ఆ తేడా తెలియాలి, అందుకే ఈ పని మన పిల్లలు చేస్తే మంచిది. రేణువులున్న పాత బొమ్మలను కొన్ని ఏజెన్సీలు మామూలు పరీక్షలో తిప్పికొడతాయి. చారిత్రక ఫోటోలకు వేరే దారి ఉన్న ఏజెన్సీలూ ఉన్నాయి, ముందే కనుక్కోవాలి.

బొమ్మ కింది మాట

ఫైలు లోపలే వివరాలు రాసే పద్ధతి ఉంది. దాన్ని ఐపీటీసీ వివరాలు అంటారు. తీసినవారి పేరు, తేదీ, ఊరు, క్యాప్షన్, హక్కుదారు, వెతకడానికి కీవర్డులు అందులో ఉంటాయి. బెట్‌మాన్ కార్డు లాంటిదే ఇది.

మనకు ఇది కొత్త విద్య కాదు. ఏ ఇంటిపేరు ఏ సగలోది, ఎవరి పెర్సా పేన్ ఎక్కడిది, ఏ తాత ఏ ఊరి నుంచి వచ్చాడు అన్నది పర్ధాన్ కింగ్రి వాయిస్తూ చెప్పేవాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల లెక్క తప్పేవాడు కాదు. ఫోటో కింద మనం రాయాల్సింది అదే: మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు, సందర్భం, ఏడు. గుస్సాడీ కిరీటం పెట్టుకున్న మనిషి కింద ‘గిరిజన నర్తకుడు’ అని మాత్రమే రాస్తే మనం 1868 దగ్గరికే తిరిగి వెళ్ళినట్టు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఆయన పేరు లోకానికి తెలిసింది. ఆయన వెనక డప్పు వాయించిన వాళ్ళకూ పేర్లున్నాయి.

కాబట్టి స్కాన్ చేసిన బొమ్మలను పెద్ద సైజులో ప్రింట్ తీసి, పెద్దల ముందు పెట్టి, వాళ్ళు చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏడు తెలియకపోతే, పెద్ద కరువుకు ముందా తర్వాతా, రోడ్డు పడక ముందా, పెద్దకొడుకు పుట్టాకా అని అడగండి. గుర్తుపట్టగల కళ్ళు ఏటికేడు తగ్గిపోతున్నాయి. స్కానింగ్ వచ్చే ఏడు కూడా చేయవచ్చు. ఈ అడగడం మాత్రం ఇప్పుడే చేయాలి.

హక్కు, అనుమతి

నెగెటివ్ మన ఇంట్లో ఉంటే హక్కు మనదే అనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా ఫోటో తీసినవారిదే హక్కు. డబ్బిచ్చి స్టూడియో వాళ్ళ చేత తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తీయించుకున్నవారిది. 2012 సవరణ తర్వాత ఫోటోలకు కూడా తీసినవారి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు రక్షణ ఉంది. తీసిన సార్ లేకపోతే వారి పిల్లలను కలిసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. వాటా ఎంతో కూడా అప్పుడే రాసుకోవాలి. మరీ పాత ఫోటోలకు ఏ లెక్క వర్తిస్తుందో లాయరును అడగడం మేలు.

రెండోది, బొమ్మలో ఉన్నవారి అనుమతి. వార్తకు, చదువుకు వాడే ఫోటోలను సంపాదకీయ వాడకం కింద పెట్టవచ్చు. సబ్బు ప్రకటనకు, బ్యాంకు ప్రకటనకు అమ్మాలంటే ముఖం తెలిసే ప్రతివారి సంతకం ఏజెన్సీ అడుగుతుంది. పిల్లలైతే తల్లిదండ్రులది, చనిపోయినవారైతే వారసులది. చదవడం రాని అవ్వ చేత వేలిముద్ర వేయించే ముందు, ఈ ముఖం ఎక్కడైనా కనబడవచ్చని ఆమె భాషలో చెప్పాలి. ఆమె వద్దంటే ఆ మాటే చివరిది. ‘రాయల్టీ ఫ్రీ’ అంటే ఉచితం అని కాదు. ఒకసారి కొన్నవాడు మళ్ళీ డబ్బివ్వకుండా పదే పదే వాడుకోవచ్చని అర్థం. కొన్ని ఏజెన్సీలు తమ బొమ్మలను కృత్రిమ మేధ శిక్షణకు కూడా ఇస్తున్నాయి. ఒప్పందంలో ఆ సంగతి చదివి, వద్దనుకుంటే వద్దని చెప్పే వీలుందో చూసుకోవాలి.

మూడు కుప్పలు

స్కాన్ అయిన బొమ్మలను మూడు కుప్పలు చేయండి. మొదటిది అమ్మదగినవి: జాతర సందడి, సంత, బడి, పంట, రోడ్డు పని, ఊరి వీధి. రెండోది అందరికీ చూపదగినవి, కానీ అమ్మకూడనివి: ఇంటి పెళ్ళిళ్ళు, చనిపోయిన పెద్దల ముఖాలు, ఉద్యమాల్లో నిలబడినవాళ్ళు. వీటిని గూడెం ఆల్బమ్‌గా, బడిలో ప్రదర్శనగా పెట్టవచ్చు. మూడోది బయటికే పోకూడనివి: పెర్సా పేన్‌కు సంబంధించిన పవిత్ర వస్తువులు, బయటివారు చూడకూడని పూజలు, కష్టకాలంలో ఒంటి మీద సరైన బట్ట లేకుండా తీసిన ఆడవాళ్ళ, పిల్లల బొమ్మలు. ఏది ఏ కుప్పలోకి వెళ్ళాలో ఒక్కడు తేల్చకూడదు. పట్లా, కటోడా, ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చుని తేల్చాలి. మూడో కుప్పకు ఎంత ధర పలికినా అమ్మకం లేదు.

మొదటి కుప్ప నుంచి వచ్చే డబ్బు పెద్దగా ఉండకపోవచ్చు. ఆ డబ్బుతో ఒక మంచి స్కానర్, రెండు హార్డ్‌డిస్కులు కొనగలిగితే ఇంకో పది ఇళ్ళ పెట్టెలు తెరవచ్చు. ఈ దీపావళికి దండారి మీ గూడేనికి వచ్చేలోగా ప్రతి ఇంట్లో ఎన్ని నెగెటివ్‌లు ఉన్నాయో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. పేర్లు చెప్పగల పెద్దవారి దగ్గరి నుంచి మొదలుపెట్టండి.